చేపల తొట్టి పొంగితే పెద్ద పంపు మందు కాదు

బెంగళూరు హొరమావులో అద్దె ఇంట్లో ఉంటున్న ఒక పాఠకురాలు, పేరు వేయొద్దంటూ రాసిన ఉత్తరం ఇది. పొడుగు ఉత్తరం కాబట్టి సారం మాత్రం ఇస్తున్నాం.

వాళ్ళ సొంతూరు మదనపల్లె. అత్తగారు పోయాక మామగారిని తమ దగ్గరికి తెచ్చుకున్నారు. ఊరు కాని ఊళ్ళో ఆయనకు పొద్దుపోవడం లేదని ఈవిడ భర్త హాల్లో పెద్ద చేపల తొట్టి పెట్టించారు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఎనిమిది ఏంజెల్ చేపలు, అడుగున తిరిగే చిన్న కోరీలు కొన్ని. తొట్టి రెండున్నర అడుగుల స్టాండు మీద ఉంది. స్టాండు లోపల మూడు గదుల సంపు, అంటే నీళ్ళు శుభ్రపడే కింది తొట్టి: 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు. అందులో 25 సెంటీమీటర్ల నీళ్ళు ఉంటాయి. చివరి 30 సెంటీమీటర్ల గదిలో పంపు ఉంది. దాని పెట్టె మీద గంటకు 6000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 4 మీటర్లు, 110 వాట్లు అని రాసుంది. పై తొట్టికి రంధ్రం లేదు. వెనక గాజుకు లోపలొకటి బయటొకటిగా తగిలించిన ఓవర్‌ఫ్లో బాక్సు, పై తొట్టి నీళ్ళు బయటికి దిగేలా ఆ రెంటినీ గాజు మీదుగా కలిపే ఒక యూ ట్యూబు, అక్కణ్ణుంచి కిందికి అంగుళం పైపు.

మొదటిసారి నడిరాత్రి కరెంటు పోయినప్పుడు సంపు పొంగింది. స్టాండు ప్లైవుడ్ ఉబ్బింది, కింద ఉండే ఇంటి ఓనర్ సీలింగులో మరక పడింది. ఆవిడ బకెట్ నిండా నీళ్ళు ఎత్తిపోశారు. నెల తర్వాత, ఈసారి కరెంటు ఉండగానే, పై తొట్టి అంచు మీదుగా నీళ్ళు పొర్లాయి. అప్పుడు వెనక బయటి బాక్సులో నీళ్ళు అడుగంటి ఉన్నాయని, సంపులో పంపు గది ఎండిపోయి పంపు గీపెడుతోందని ఆవిడ గమనించి రాశారు. పైపులో గుడగుడ చప్పుడుకు మామగారికి నిద్ర పట్టడం లేదని భర్త కిందికి దిగే పైపుకు ఒక వాల్వు పెట్టి కొంచెం మూశారు. పంపు పైపు వాల్వు కూడా సగం మూసే నడుపుతున్నారు.

తొట్టి అమ్మిన కొట్టాయన 8000 లీటర్ల పంపు పెట్టుకోమంటున్నాడు. భర్త స్నేహితుడు గాజుకు రంధ్రం వేయించమంటున్నాడు. ఇంకోసారి నీళ్ళు దిగితే ఇల్లు ఖాళీ చేయమని ఓనర్ చెప్పేశాడు. కరెంటు బిల్లు 200 యూనిట్లు దాటి గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) పోయింది. భర్త "నేను చూసుకుంటాలే" అంటారు కానీ ఆయన ఆఫీసులో ఉండగా నీళ్ళు తుడిచేది ఈవిడే. "నా కోసం ఇంత గొడవెందుకమ్మా, ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారట మామగారు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. "తీసేయమంటారా, ఉంచమంటారా? ఉంచితే ఎంత పంపు, ఎలాంటి ఓవర్‌ఫ్లో?" ఇదీ ప్రశ్న.

సమాధానం:

మీరు టేపు పట్టి కొలిచి రాశారు, పొంగిన రోజు ఏ బాక్సులో నీళ్ళున్నాయో ఏ గది ఎండిందో కూడా చూశారు. అందువల్ల ఊహించి చెప్పాల్సిన పని లేకుండా లెక్క వేసి చెప్పగలుగుతున్నాను. ముందుగా ఒక మాట. మీ ఇంట్లో జరిగింది ఒకే తప్పు రెండుసార్లు కాదు. రెండు వేర్వేరు తప్పులు. మొదటిసారి పైనీళ్ళు కిందికి వచ్చాయి, రెండోసారి కింది నీళ్ళు పైకి వెళ్ళి తిరిగి రాలేకపోయాయి. ఒకదానికి చేసే మందు రెండోదానికి పనిచేయదు. 8000 పంపు రెండింటికీ మందు కాదు, పైగా రెండోదాన్ని ఇంకా త్వరగా రప్పిస్తుంది.

మొదటిది చూద్దాం. పై తొట్టి 120 × 45 సెంటీమీటర్లు కాబట్టి అందులో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 5.4 లీటర్లు. నీళ్ళు పోసే పైపు మూతి 12 సెంటీమీటర్ల లోతులో మునిగి ఉందని రాశారు. పంపు ఆగగానే అదే పైపు వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. మూతి గాలికి తేలేదాకా, అంటే మట్టం 12 సెంటీమీటర్లు పడేదాకా ఆగదు. అది 65 లీటర్లు. పైపుల్లో, బాక్సులో ఉన్నది ఇంకో మూడు కలుపుకుంటే 68. మీ సంపులో ఒక సెంటీమీటరు అంటే 3.6 లీటర్లు, పైన ఖాళీ 15 సెంటీమీటర్లు. అది 54 లీటర్లకు మించి పట్టదు. మిగిలిన 14 లీటర్లు నేల మీదికి వచ్చాయి. మీరు ఎత్తిపోసిన బకెట్ అదే. ఇందులో పంపు సైజుకు పాత్ర లేదు. 2000 లీటర్ల పంపు ఉన్నా ఆ రాత్రి అంతే నీళ్ళు పొంగేవి.

దీనికి పని పది నిమిషాలది. పైపు మూతిని పైకి లాగి, పంపు నడుస్తున్నప్పటి మట్టానికి రెండు సెంటీమీటర్లు కింద మాత్రమే ఉండేలా బిగించండి. అప్పుడు కరెంటు పోతే దిగేది 11 లీటర్లు, పైపుల్లోవి కలిపి 14. సంపులో నాలుగు సెంటీమీటర్లు పెరిగి ఆగుతుంది. చాలామంది పైపును లోతుగానే ఉంచి, నీటి మట్టానికి కాస్త కింద 5 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, గాలి పీల్చుకుని ధార తెగుతుందిలే అనుకుంటారు. అది పనిచేస్తుంది, పాచి పట్టేదాకా. నత్త ఒకటి వచ్చి కూర్చున్నా చాలు. రంధ్రం పెట్టుకుంటే పెట్టుకోండి, దాన్ని నమ్మి లెక్క వేయకండి. పైపు మధ్యలో పెట్టే వన్‌వే వాల్వు సంగతీ అంతే. చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు.

ఇక రెండో పొంగు. ఇది మెల్లగా చూడాల్సిన విషయం, ఎందుకంటే మీ ఇంటికి అసలు ప్రమాదం ఇక్కడుంది. బయటి బాక్సు అడుగంటి ఉంది, పై తొట్టి మాత్రం నిండింది. అంటే కింది పైపులో అడ్డం లేదు. అడ్డం ఉంటే బయటి బాక్సు కూడా అంచుదాకా నిండేది. రెండు బాక్సుల్ని కలిపే యూ ట్యూబులో ధార తెగిందన్నమాట. ఎందుకు తెగింది? మీ పంపు గంటకు 6000 అన్నది ఎత్తు సున్నా ఉన్నప్పటి మాట. మీటరుకు పైగా ఎక్కించాక కూడా అది 3500 దాకా ఇవ్వగలదు. అంగుళం యూ ట్యూబు ఒక్కటి ఎంత శుభ్రంగా ఉన్నా గంటకు 2000 లీటర్ల చుట్టూ తీసుకెళ్తుంది. అందుకే మీ వారికి పంపు వాల్వు సగం మూయక తప్పలేదు. అలా అంచు మీద నడుస్తున్న తొట్టిలో నీళ్ళు ఆవిరైతే మట్టం తగ్గేది ఒక్క పంపు గదిలోనే. మిగతా గదుల మట్టం అడ్డగాజులు పట్టి ఉంచుతాయి. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా పొడిగాలికి, ఫ్యానుకి ఇంత తొట్టి రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్లు తాగేస్తుంది. వారం పది రోజులు నీళ్ళు పోయకపోతే పంపు గాలి కూడా కలిపి పీలుస్తుంది. పై తొట్టిలో సన్నని బుడగలు తిరుగుతాయి. ఆ బుడగలు యూ ట్యూబు వంపులోకి చేరి ఒక్కొక్కటిగా కలిసి గాలి బుడ్డ అవుతాయి. తర్వాత నీళ్ళు నింపినా అది పోదు, పెరిగి పెరిగి ఒకనాడు ధారను తెంపేస్తుంది. ధార తెగినా పంపు ఆగదు కదా.

పొంగడానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా లెక్క వేయండి. పంపు గది 30 × 40 సెంటీమీటర్లు. పంపు అడుగునే కూర్చుని ఉంటే 20 సెంటీమీటర్ల మేర, అంటే 24 లీటర్లు తోడి పైకి పంపగలదు. పై తొట్టిలో అంచుదాకా ఖాళీ మూడు సెంటీమీటర్లు, 16 లీటర్లు. మిగతా ఎనిమిది మీ నేల మీదికి.

మందు కూడా ఆ లెక్కలోనే ఉంది. పంపును ఎనిమిది సెంటీమీటర్లు ఎత్తు మీద కూర్చోబెడితే అది తోడగలిగేది 12 సెంటీమీటర్లే, 14 లీటర్ల చిల్లర. యూ ట్యూబు ఆగినా, పైపు మూసుకుపోయినా, పంపు ఆ కాసిని నీళ్ళు పైకి పంపి, తర్వాత గాలి పీలుస్తూ చప్పుడు చేస్తుందే తప్ప బొట్టు కింద పడదు. పంపు పాడైతే కావచ్చు, సీలింగు పాడు కాదు. ఎత్తుకు బోర్లించిన గట్టి ప్లాస్టిక్ డబ్బా గానీ, సిలికాన్‌తో అతికించిన గాజు ముక్కలు గానీ వాడండి. కడప బండ ముక్క చేతికి దొరికింది కదా అని పెట్టకండి. అది సున్నపురాయి, నీటి గట్టితనం పెంచుతుంది. బెంగళూరు బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు అసలే గట్టివి.

దీనికి ఒక మూల్యం ఉంది, అది కూడా చెప్పాలి. పంపు గదిలో వాడకానికి నీళ్ళు తగ్గాయి కాబట్టి ఆవిరైన నీళ్ళు ఇక రోజూ నింపాల్సిందే. పంపు గది గాజు మీద మార్కర్‌తో రెండు గీతలు గీయండి. పై గీత దాకా నింపాలి, కింది గీతకు రానివ్వకూడదు. రోజూ పొద్దున చెంబుతో క్లోరిన్ విరిగిన నీళ్ళు పోసే పని మామగారికి అప్పగించవచ్చు. మీ ఉత్తరాన్ని బట్టి ఆయన తన చేపలకు తాను చేసేది ఏమీ లేకుండా కేవలం చూస్తూ కూర్చుంటున్నారు. ఈ పనికి వంగి బరువులు ఎత్తక్కర్లేదు, కానీ మానితే కుదరదు. పై గీత దాటి మాత్రం పోయకూడదని ఆయనకు కారణంతో సహా చెప్పండి. 16 లీటర్ల ఖాళీకి 14 లీటర్ల నీళ్ళు, మధ్యలో ఉన్న తేడా రెండు లీటర్లే.

ఇప్పుడు పంపు సైజు. కొట్లో ముందు పంపు చూపిస్తారు, తర్వాత దానికి సరిపడా మిగతావి అంటగడతారు. వరస తలకిందులు. ముందు చేపలకు ఎంత ప్రవాహం కావాలి, తర్వాత ఓవర్‌ఫ్లో అంత మోయగలదా, ఆ తర్వాతే పంపు. మీ తొట్టిలో గులకరాళ్ళు, దుంగ తీసేస్తే నికరంగా 270 లీటర్ల నీళ్ళుంటాయి. ఏంజెల్ చేపలు నిదానంగా పారే నీటి చేపలు. పొడవాటి రెక్కలతో వడి ప్రవాహంలో నిలదొక్కుకోలేవు, మూలకు చేరి అలసిపోతాయి. గంటకు నాలుగైదు సార్లు నీళ్ళు సంపు గుండా తిరిగితే వాటికి చాలు. అంటే పై తొట్టిలో నిజంగా పడాల్సింది గంటకు 1200 లీటర్ల చుట్టూ. ఇంతకన్నా ఎక్కువ తిప్పితే నీళ్ళు ఇంకా శుభ్రపడతాయన్నది అపోహ. సముద్రపు పగడాల తొట్టికి ఎక్కువ అలజడి కావాలి, కానీ వాళ్ళు కూడా దాన్ని తొట్టి లోపల పెట్టే చిన్న వేవ్ పంపులతో తెచ్చుకుంటారు.

1200 లీటర్లకు మీ ఓవర్‌ఫ్లో బాక్సు సరిపోతుందా? నీళ్ళు లోపలి బాక్సులోకి దిగే, దువ్వెనలా పళ్ళున్న అంచు 20 సెంటీమీటర్లు. పళ్ళు సగం మూసేస్తాయి కాబట్టి 10 సెంటీమీటర్లే దారి. దాని మీదుగా 1200 పారాలంటే నీళ్ళు అంచుకు సుమారు సెంటీమీటరున్నర ఎత్తున నిలవాలి. హాయిగా సరిపోతుంది. అదే 3500 పంపితే మూడు సెంటీమీటర్లు నిలవాలి, మీ పై ఖాళీ మొత్తం దానికే సరి. యూ ట్యూబుకు 1200 మోయడం కష్టం కాదు. కిందికి దిగే అంగుళం పైపుకు కూడా చప్పుడు లేకుండా మోయగలిగిన హద్దు దాదాపు అదే. గుడగుడ పుట్టేది గాలీ నీళ్ళూ ఒకే పైపులో తోసుకుంటూ దిగడం వల్ల. ప్రవాహం తగ్గిస్తే సగం చప్పుడు అక్కడే పోతుంది. మిగతా సగానికి బయటి బాక్సులో పైపు మీద ఒక టీ ఆకారపు ఫిట్టింగు, దాని నెత్తిన మూత, మూతకు 3 లేక 4 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. డర్సో అంటారు దీన్ని. గాలి తిన్నగా పైనుంచి వెళ్ళి నీళ్ళు గోడ వెంబడి జారతాయి. రంధ్రం మరీ చిన్నదైతే పైపు ఉండుండి బాక్సునంతా ఒక్కసారి గుటక వేస్తుంది, అప్పుడు కాస్త పెద్దది చేయాలి. కింద సంపులో పైపు కొన రెండు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. లోతుగా ముంచితే గాలి బయటికి పోలేక త్రేన్పులు వస్తాయి.

మీ వారు కింది పైపుకు పెట్టిన వాల్వు మాత్రం ఈ రోజే పూర్తిగా తెరిచేయండి, వీలైతే తీసేయండి. నీళ్ళు దిగడానికి ఒకే దారి ఉన్నప్పుడు ఆ దారిని చప్పుడు కోసం బిగించకూడదు. సగం మూసిన వాల్వు దగ్గర ఒక ఆకు ముక్క ఇరుక్కున్నా రెండో పొంగు మళ్ళీ వస్తుంది. పంపు పైపుకున్న వాల్వు వేరు, దాన్ని మూసి ప్రవాహం తగ్గిస్తే పంపుకు హాని లేదు. కాకపోతే ఎవరి చెయ్యో తగిలి అది తెరుచుకుంటే 3500 లీటర్లు ఒక్కసారి పైకి వస్తాయి. భద్రత ఒక వాల్వు పిడి మీద ఆధారపడకూడదు, అందుకే పంపు మార్చమంటున్నాను.

ఎలాంటిది? సంపు నీటి మట్టం నుంచి పై తొట్టి మట్టందాకా మీకు సుమారు 105 సెంటీమీటర్ల ఎత్తు. దానికి పైపు రాపిడి కలపాలి. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పైపు రెండు మీటర్లు, మూడు ఎల్బోలతో 1200 లీటర్లకు రాపిడి 15 సెంటీమీటర్ల ఎత్తుతో సమానం. 20 మిల్లీమీటర్లయితే 40. అదే అర అంగుళం పైపు వేస్తే 140, అంటే నీళ్ళు ఎక్కే ఎత్తు కన్నా రాపిడిదే పైచేయి. పంపు మూతి చిన్నదిగా ఉందని అర అంగుళం పైపే పైదాకా లాగేస్తుంటారు, చాలా ఇళ్ళల్లో పంపు చేతకానిదిగా కనిపించేది దీనివల్లే. పంపు దగ్గరే రెడ్యూసర్ పెట్టి అంగుళం పైపుకు మార్చేయండి. హార్డ్‌వేర్ కొట్లో 32 మిల్లీమీటర్ల పీవీసీ అంటే బయటి కొలత, అదే మన అంగుళం పైపు.

అంగుళం పైపుతో మొత్తం ఎత్తు, కాస్త వెసులుబాటు కలుపుకుని, మీటరూ పాతిక సెంటీమీటర్లు. ఆ ఎత్తు దగ్గర 1200 నుంచి 1500 లీటర్లు ఇచ్చే పంపు కావాలి. పెట్టె మీద గంటకు 2500 నుంచి 3000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు రెండున్నర నుంచి మూడు మీటర్లు అని ఉన్నవి ఈ లెక్కలోకి వస్తాయి. 2500 లీటర్లదే అయినా గరిష్ఠ ఎత్తు మీటరున్నర అని ఉంటే వద్దు, మీ ఎత్తుకు వచ్చేసరికి అది సన్నధార అయిపోతుంది. వేగం మార్చుకునే డీసీ పంపు ధర ఎక్కువ, కానీ ఈ పనికి 25, 30 వాట్లలో సరిపెడుతుంది. ఇప్పుడున్న 110 వాట్ల పంపు రాత్రింబవళ్ళూ నడిస్తే నెలకు 79 యూనిట్లు. 30 వాట్లది 22 యూనిట్లు. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సి వచ్చే మీ ఇంటికి ఈ 57 యూనిట్ల తేడా పంపు ధరను కొన్ని నెలల్లో తిరిగి ఇచ్చేయవచ్చు. మామూలు ఏసీ పంపు కొంటే 50, 60 వాట్ల దగ్గర ఉంటుంది, అదీ పాతదాని కన్నా నయమే.

నిజంగా ఎంత పడుతోందో కొలవడం సులువు. పై పైపు మూతిని ఒక 15 లీటర్ల బకెట్‌లోకి తిప్పి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 45 సెకన్లయితే గంటకు 1200. పంపు గదిలో నీళ్ళు మధ్యలో అయిపోకుండా ఒకరు పోస్తూ ఉండాలి.

ఇంతవరకూ చెప్పినది మొదటి దారి. ఉన్న బాక్సునే ఉంచుకుని, పంపు మార్చి, మూతి ఎత్తి, పంపు ఎత్తు పెంచడం. ఖర్చు పంపుదీ కాసిని ఫిట్టింగులదీ, ఒక ఆదివారం పని. ఇందులో మిగిలే బలహీనత యూ ట్యూబు. తక్కువ ప్రవాహంలో బుడగలు కొట్టుకుపోక వంపులో నిలిచే గుణం ఎప్పటికీ ఉంటుంది. రెండో యూ ట్యూబు పెడితే ఒకటి తెగినా రెండోది మోస్తుంది, కానీ ఉన్న నీళ్ళు రెండుగా చీలి ఒక్కోదానిలో వేగం తగ్గి గాలి ఇంకా త్వరగా చేరుతుంది. కాబట్టి రెండోది పెడితే వంపు నెత్తి నుంచి సన్నని గాలి గొట్టం తీసి, తొట్టిలో ఒక చిన్న పవర్‌హెడ్ (నీటిలో మునిగి ఉండే చిన్న పంపు) గాలి పీల్చే మూతికి కలపాలి. అది నిరంతరం ఆ గాలిని లాగేస్తుంటుంది. నెలకోసారి ట్యూబు తీసి బ్రష్‌తో కడగాలి. ఇవన్నీ చేసినా ధార తెగదని హామీ ఇవ్వలేను. తెగినా నేల తడవదన్న హామీ మాత్రం ఆ 14 లీటర్ల లెక్క ఇస్తుంది.

రెండో దారి మీ వారి స్నేహితుడు చెప్పినది. అది సరైన సలహానే, తొందరపడి చేయాల్సింది మాత్రం కాదు. వెనక గాజుకు పై భాగాన రెండు రంధ్రాలు, లోపల పళ్ళ అంచుతో చిన్న గాజు పెట్టె, రెండు పైపులు. ఒకటి నిండుగా పారేది, దానికి వాల్వు. రెండోది కాస్త ఎత్తులో ఖాళీగా నిలబడేది, దానికి వాల్వు ఉండకూడదు. వాల్వు తిప్పి మొదటి పైపులో గాలి లేకుండా చేస్తే చప్పుడు అసలు వినపడదు. అది మూసుకుపోయిన రోజు నీళ్ళు రెండో పైపులోంచి గట్టిగా చప్పుడు చేస్తూ దిగుతాయి, అదే మీకు కబురు. హెర్బీ పద్ధతి అంటారు. మూడో పైపు కూడా కలిపే బీన్ అనిమల్ పద్ధతి ఇంకా భద్రమైనది, మీ 1200 లీటర్లకు అవసరం అనుకోను. పై లెక్కలోని వాల్వు హెచ్చరిక ఇక్కడ వర్తించదు, ఎందుకంటే ఇక్కడ రెండో దారి తెరిచి ఉంది. ఈ పైపుకు గేట్ వాల్వయితే సన్నగా సరిచేసుకోవచ్చు, కానీ ఇత్తడిది వద్దు. ఇత్తడిలోని రాగి రొయ్యలకూ నత్తలకూ విషం.

రంధ్రం వేయడానికి ముందు గాజు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన రకం) కాదని తేల్చుకోవాలి. టఫెన్డ్ గాజుకు డ్రిల్ తగిలితే మొత్తం పలక పిండి అయిపోతుంది. తెల్ల తెర వెలిగించిన ల్యాప్‌టాప్‌ను గాజు వెనక పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలతో ఇవతలి నుంచి చూడండి. నల్లని మచ్చలో చారలో కనిపిస్తే టఫెన్డ్. వెలుగు సమంగా ఉంటే మామూలు గాజు. తర్వాత ట్యాంక్ నిపుల్ (గాజు రంధ్రంలో పైపును బిగించే మర ఫిట్టింగు) ముందు కొనుక్కుని, దాని మర బయటి వ్యాసం కొలిచి, అంతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్ద డైమండ్ బిట్ తీసుకోవాలి. ఎస్.పి. రోడ్డులో ఈ సరుకంతా దొరుకుతుంది. రంధ్రం అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత జాగా వదలాలి. తక్కువ వేగం, నొక్కకుండా, ఆగకుండా నీళ్ళు పోస్తూ. హ్యామర్ మోడ్ పొరపాటున కూడా వద్దు. నిపుల్ రబ్బరు వాషరు నీళ్ళవైపు ఉండాలి, చేత్తో బిగించాక పావు తిప్పు చాలు. ఇదంతా తొట్టి పూర్తిగా ఖాళీ చేసి చేయాలి. చేపలు ఒకటి రెండు రోజులు పాత నీళ్ళతోనే మూత ఉన్న టబ్బుల్లో, గాలి రాయితో ఉండాలి. సంపులోని ఫిల్టర్ మెత్తలు, రింగులు ఆరిపోకుండా ఆ నీటిలోనే ఉంచండి. గాజు పగిలే అవకాశం ఎప్పుడూ కొంత ఉంటుంది. మామగారికి ముందే చెప్పి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టండి.

మూడో దారి సంపే వద్దనుకోవడం. కానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) పెడితే నీళ్ళు మూసిన పైపుల్లోనే వెళ్ళి వస్తాయి, ఓవర్‌ఫ్లో ఉండదు, కరెంటు పోయినా పొంగదు. గంటకు 1000 నుంచి 1400 లీటర్లది చాలు. మూత రబ్బరు రింగు ఎండితే కారుతుంది, ఏడాదికోసారి చూసుకోవాలి. రెండు మూడు గంటలకు మించి కరెంటు లేకపోతే లోపలి నీళ్ళు ఆక్సిజన్ లేక కుళ్ళుతాయి, తిరిగి నడిపే ముందు ఆ నీళ్ళు పారబోయాలి. సంపు ఇచ్చే అదనపు నీళ్ళూ జాగా పోతాయి. ఓనర్‌తో మాట పూర్తిగా చెడి, మీ మనసు కూడా ఇంక ఒప్పుకోకపోతే తొట్టి అమ్మేయడం కన్నా ఇది నయం.

నా మొగ్గు ఎటో అడిగారు కాబట్టి: ఈ వారమే మొదటి దారి, అద్దె ఇంట్లో ఇంకో రెండేళ్ళయినా ఉంటామనుకుంటే తర్వాత రెండోది. మొదటి దారిలో కొన్న పంపు, పైపులు రెండోదాంట్లోనూ అలాగే పనికొస్తాయి, దండగ కావు.

కరెంటు సంగతి పైపైన చెప్పి వదలకూడదు. స్టాండు లోపల నేలకు ఆనించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే తీసి తొట్టి మట్టానికి పైన గోడకు బిగించండి. వైర్లు ప్లగ్గులోకి వెళ్ళే ముందు కిందికి వేలాడి పైకెక్కాలి, అప్పుడు వైరు వెంబడి జారిన నీటి బొట్టు కింద పడుతుంది. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంపే స్విచ్చు) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రెండుసార్లు నీళ్ళు పొంగిన చోట ఇది లేకుండా మామగారిని నీళ్ళు పోయమని నేను చెప్పలేను. నీటిలో చెయ్యి పెట్టే ముందు పంపు ప్లగ్గు తీయాలని ఆయనకూ చెప్పండి. ఇన్వర్టరు ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో చూడండి. మామూలు రకం మీద ఏసీ పంపులు గుయ్యిమంటూ వేడెక్కుతాయి. ఇన్వర్టరు లేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి చాలు, చేపలకు ఆ కొద్ది గంటలు అదే ప్రాణం.

పనులన్నీ అయ్యాక ఒక సెలవు రోజు, పగలు, మీరిద్దరూ ఉన్నప్పుడు రెండు పరీక్షలు చేయండి. పంపు ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగండి. సంపు నీళ్ళు ఎంతదాకా పెరిగాయో అక్కడ టేపు అంటించండి, దాని పైన ఇంకా కనీసం ఐదు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. మళ్ళీ నడిపించి, ఈసారి యూ ట్యూబు తీసేసి పంపును అలాగే వదిలేయండి. అది గాలి పీల్చే చప్పుడు వచ్చేసరికి పై తొట్టి అంచుకు కాస్త కిందే ఆగాలి. అంచును తాకేలా ఉంటే వెంటనే ప్లగ్గు తీసి, పంపును ఇంకో రెండు సెంటీమీటర్లు ఎత్తి మళ్ళీ చేయండి. కడిగి చాలా రోజులైన ఫిల్టర్ మెత్తతో కూడా ఒకసారి చూడటం మంచిది. మెత్త మూసుకుపోయి సంపు మొదటి గది ఒక్కటే పొంగిన ఇళ్ళూ ఉన్నాయి.

రెండు పరీక్షలూ నిలబడ్డాక ఓనర్‌ను పైకి పిలిచి, ఆయన కళ్ళముందే ప్లగ్గు తీసి చూపించండి. క్షమాపణ చెప్పడం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది. సీలింగు మరకకు రంగు వేయించే ఖర్చు మీరే ఇస్తామని ఆ రోజే చెప్పేయండి. బరువు గురించి అడిగితే దాచకండి. నీళ్ళు, గాజు, స్టాండు కలిపి అర టన్ను దాటుతుంది. తొట్టి పొడవు వైపు గోడకు ఆని, ఆ గోడ కింద బీమ్ ఉంటే మంచిది. తెలియకపోతే ఆయన్నే అడగండి, ఇల్లు కట్టించినవాడు కాబట్టి ఆయనకు తెలిసి ఉంటుంది.

మీ వారు పంపు కొనడానికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇది రాసి ఇవ్వండి: "మీటరూ పాతిక ఎత్తులో గంటకు 1200 నుంచి 1500 లీటర్లు." పెట్టె మీద గానీ లోపలి కాగితంలో గానీ ఎత్తుకూ ప్రవాహానికీ గీసిన గ్రాఫు ఉంటుంది, ఆ అంకె అక్కడ చూసి కొనాలి. గ్రాఫు లేని పంపు ఎంత చవకైనా ఈ తొట్టికి తేవద్దు. ఓవర్‌ఫ్లో మోయగలిగినదాని కన్నా బాగా పెద్దది మళ్ళీ అంటగట్టబోతే, పాత 6000 పంపు ఎంతకు తీసుకుంటారో అడగమనండి.